పచ్చ బటన్

రంపం మోటారును ఇద్దరు మనుషులు ఆటోలోంచి దించి, కొట్టు ముందు పరిచిన గోనెపట్టా మీద పెట్టారు. స్టార్టరు పెట్టెను దాని పక్కన పెట్టారు. పెట్టె మీద రంపంపొట్టు ఇంకా అలాగే ఉంది. మోటార్లు చుట్టే మేస్త్రీ దేవుళ్లు ముందు మోటారు దగ్గరే కూర్చున్నాడు. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూశాడు. కాలిన వార్నిషు. దాని వెనక పచ్చి పనసచెక్క వాసన.

"కాలిపోయిందా మేస్త్రీ?" అన్నాడు సూర్యప్రకాష్. నర్సీపట్నంలో చింతపల్లి రోడ్డు మీద తలుపులు, గుమ్మాలు చేసే కార్ఖానా అతనిది. ఆటో వెనకే బండి మీద వచ్చాడు. బండి దిగలేదు.

దేవుళ్లు ఇరుసు పట్టుకుని తిప్పాడు. తిరిగింది. బేరింగు గరగరలాడలేదు. పైకీ కిందికీ ఊపి చూశాడు. కదలిక లేదు. మూత విప్పి ఆరు తీగల కొసలు విడదీశాడు. గోడకి వేలాడుతున్న టెస్టు బల్బు వైర్లు లాగి ఒక్కో జతకీ ఆనించాడు. మొదటి జతకి బల్బు వెలిగింది. రెండోదానికీ వెలిగింది. మూడోదానికి వెలగలేదు. ఒక వైరు అక్కడే ఉంచి రెండోది మోటారు ఒంటికి ఆనించాడు. బల్బు ఎర్రగా, నీరసంగా వెలిగింది.

"ఒక చుట్టు తెగిపోయి ఒంటికి తగిలీసింది. మొత్తం తీసి చుట్టాల బాబూ."

"ఎన్నాళ్లు?"

"ఇయ్యాల బుధారం గదా. ఆదారానికి ఆరతాది."

"సోమవారం పొద్దుటికి నాకు తిరగాలి. బలిఘట్టంలో గురువారం ద్వారబంధం ఎత్తుతున్నారు. ముహూర్తం పెట్టీసుకున్నారు."

దేవుళ్లు తలూపాడు. తీగల కొసలు ఒక్కొక్కటీ తుడుస్తూ అడిగాడు.

"జోగులు ఎలాగున్నాడు?"

ఆ కార్ఖానాలో రంపం మీద నిలబడే మనిషి జోగులు. దేవుళ్లు కూర్చుని పనిచేసే బల్ల కూడా అతను చేసిందే. ఒక్క మేకు లేకుండా చేశాడు.

"నిన్న ఇంటికి తెచ్చీసారు. కుడిచేతికి మూడు వేళ్లు తీసీసారు. బొటనవేలు, దాని పక్కవి రెండు." సూర్యప్రకాష్ బండి అద్దం సరిచేసుకున్నాడు. "విశాఖ ఆసుపత్రిలో రెండ్రోజులు నేనే ఉన్నాను మేస్త్రీ. లేనని ఎవరూ అనలేరు. కాని తప్పు వాడిదే. కరెంటు పోయింది. బ్లేడు సందులో ముక్క ఇరుక్కుంటే తీద్దామని చెయ్యి పెట్టాడు. పెట్టినవాడు నడుం తీసుకెళ్లి పచ్చ బటన్‌కి ఆనించీసాడు. కరెంటు రావడం, తిరిగీడం."

"ఆడేటంటన్నాడు?"

"నొక్కలేదంటాడు. నొక్కకుండా దానంతటది తిరుగుతుందా? నువ్వే చెప్పు."

"తిరగదు," అన్నాడు దేవుళ్లు.

మోటారు మోసినవాళ్లలో ఒకడు, చిట్టిరాజు, ఆటోకి ఆనుకుని బీడీ ముట్టిస్తూ అన్నాడు. "కరెంటు నేదు గదాని బటన్ మీదే కాసేపు కూకున్నాడు గావాల జోగులు మావ. మెత్తగా రబ్బరుంటాది గదా."

రెండోవాడు నవ్వాడు. సూర్యప్రకాష్ కూడా నవ్వబోయి, బండి స్టార్టు చేశాడు.

వాళ్లు వెళ్లాక దేవుళ్లు ఇరుసు కొసనున్న బెల్టు కప్పీని ఊడదీశాడు. దాని వెనక ఇరుసుకి గుడ్డపీలిక ఒకటి మెలికలు తిరిగి చుట్టుకుని ఉంది. జోగులు భుజం మీద ఎప్పుడూ ఉండే ఆకుపచ్చ గళ్ల తువ్వాలు. శ్రావణం ముక్కుతో కాక వేళ్లతోనే మెల్లిగా విప్పాడు. మూరెడు వచ్చింది. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. బల్ల సొరుగులో పెట్టాడు.

*

గురువారమంతా కాలిన తీగ తీయడంతోనే సరిపోయింది. చుట్ల తలలు ఉలితో నరికి, గాడిలోంచి ఒక్కో కట్టా శ్రావణంతో పట్టి లాగాడు. రెండు చుట్లు గోధుమ రంగులో ఉన్నాయి. మూడోది బొగ్గు. ఇరుసు కదలకుండా కరెంటు మాత్రం వస్తూ ఉంటేనే తీగ అలా కాలుతుంది. చెక్క ఇరుక్కుని బ్లేడు నిలిచిపోయి ఉంటుంది. మోటారు మూలుగుతూనే ఉండి ఉంటుంది. మనిషిని మోసుకుని అందరూ రోడ్డు మీదికి పరుగెత్తారు. పొగ వచ్చేదాకా మెయిను దించాలని ఎవరికీ తోచలేదు.

ఒక చుట్టును చెదరకుండా బయటికి తీసి, తీగ తర్వాత తీగ లెక్కపెట్టి, అరవై నాలుగు అని గోడ మీద సుద్దతో రాసుకున్నాడు. గాడులన్నీ గీకి, ఊది, లోపల కొత్త అట్టకాగితం మడిచి పెట్టాడు.

శుక్రవారం పొద్దున చుట్టడం మొదలుపెట్టాడు. చెక్క అచ్చుకి తీగ తగిలించి, పిడి తిప్పుతూ, ఎడమచేతి వేళ్ల మధ్యనుంచి తీగను వదులుతున్నాడు. తిప్పేటప్పుడు అతని పెదవులు కదులుతాయి. ఆ సమయంలో ఎవరొచ్చినా అతను తలెత్తడు. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఎవరూ పలకరించరు.

గుమ్మంలో నీడ పడింది. నీడ అలాగే నిలబడింది. దేవుళ్లు అరవై నాలుగు దాకా తిప్పి, నాలుగు చోట్ల దారం కట్టి, అప్పుడు చూశాడు. వరహాలక్ష్మి. జోగులు పెళ్లాం. జీడిపిక్కల బట్టీ నుంచి నేరుగా వచ్చినట్టుంది. వేళ్ల కొసలు జీడి అంటి నల్లగా ఉన్నాయి.

"లెక్కయిందా అన్నయ్యా?"

"అయింది. రా అమ్మా."

ఆవిడ లోపలికి రాలేదు. గుమ్మంలోంచే గోనెపట్టా మీద ఉన్న మోటారు డొప్పను చూసింది.

"అదేనా?"

"అదే."

"ఇంతేనా," అంది. కాసేపటికి మళ్లీ అంది. "ఇంకా పెద్దదనుకున్నాను."

దేవుళ్లు స్టూలు జరిపాడు. ఆవిడ కూర్చోలేదు.

"ఇప్పీసావు గదా అన్నయ్యా. లోపల తెలుస్తాదేటి, ఎవురు నొక్కారో?"

"మోటారుకి తెల్దమ్మా. ఎవురు నొక్కినా తిరగడమే దాని పని."

"నిద్దర్లో కూడా నొక్కనేదు, నొక్కనేదు అంటన్నాడు. సెయ్యి పోయినందుకు ఏడవనేదు. ఆ మాటకే ఏడుత్తన్నాడు." చెంగు తీసి ముఖం తుడుచుకోబోయి, వేళ్ల నలుపు చూసి మోచేత్తో తుడుచుకుంది. "నిన్న చిట్టిరాజు వచ్చాడు. దేవుళ్లు మేస్త్రీని అడిగాం, దానంతటది తిరగదని సెప్పాడు అన్నాడు. అప్పట్నించి నోరిప్పడం నేదు. నువ్వలా అన్నావా?"

"అన్నానమ్మా. ఏ రంపం స్టార్టరైనా కరెంటు పోతే పడిపోద్ది. కరెంటొచ్చినా మల్లీ నొక్కితేగాని ఎత్తుకోదు. నొక్కి వదిలితే బటన్ పైకి వచ్చీస్తాది. అదలా సేసిందే మనిషి కోసం."

"అయితే ఆయనే నొక్కాడంటావు."

దేవుళ్లు అచ్చులోంచి చుట్టును ఊడదీశాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

"కల్లు తాగాడంటన్నారు," అంది వరహాలక్ష్మి. "ఆయన తాగితే ముందు నా మీదే అరుత్తాడు. ఆ రోజు క్యారేజీ ఇప్పి, పప్పులో ఉప్పు తక్కువైందని నవ్వుతా ఫోను సేసాడు. అరగంటకి మల్లీ ఫోనొచ్చింది. ఆయన కాదు."

ఆవిడ వెళ్లాక దేవుళ్లు రెండో చుట్టు మొదలుపెట్టాడు. ముప్పై దాటాక లెక్క తప్పాడు. విప్పి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ తప్పాడు.

*

శనివారం పదకొండు గంటలకి చుట్లన్నీ గాడుల్లో కూర్చున్నాయి. తలలు దారంతో అల్లి, వార్నిషు పోసి, డొప్ప లోపల రెండు పెద్ద బల్బులు వెలిగించి, పైన గోనె కప్పాడు. ఇక ఆరేదాకా దాంతో పని లేదు. అప్పుడు స్టార్టరు పెట్టె తీసుకున్నాడు.

బ్రష్షుతో పొట్టు దులిపాడు. రెండు బటన్లకీ దుమ్ము పడకుండా నల్ల రబ్బరు టోపీలు ఉన్నాయి. ఏది పచ్చో ఏది ఎరుపో పక్కన వేసిన రంగుచుక్కను బట్టే తెలుస్తుంది. అలవాటుగా పచ్చచుక్క పక్కదాన్ని బొటనవేలితో నొక్కాడు. రబ్బరు లోపలికి పోయింది గాని దాని కింద ఏదీ తగల్లేదు.

టోపీ ఊడదీశాడు. పచ్చ బటన్ లోపలికి నొక్కుకుని ఉంది. జోగులు వేళ్లు పోయిన కిందటి శుక్రవారం నుంచి అలాగే ఉంది.

దేవుళ్లు ఎర్రబటన్ నొక్కాడు. పచ్చది టక్కున పైకి వచ్చింది. పచ్చది నొక్కి వేలు తీశాడు. పైకి రాలేదు.

అది పంపు మోటార్ల బటన్. గొలుగొండ వైపు చెరకు రైతులు అడిగి మరీ వేయించుకుంటారు. నొక్కితే నొక్కినట్టే ఉంటుంది. కరెంటు పోయి ఏ వేళకి వచ్చినా, ఎవరూ వెళ్లి నొక్కనక్కర్లేదు. మోటారు దానంతటది ఎత్తుకుంటుంది. పొలంలో మనిషి ఉండడు. నీళ్లు పారతాయి.

నాలుగు మరలు తీసి మూత తిప్పాడు. పని చేసిన ప్రతి పెట్టె మూత లోపలా అతను మార్కరుతో తారీకు వేస్తాడు. ఇక్కడా ఉంది. 9-3. తొమ్మిది మీది సున్న ఎప్పటిలాగే పూర్తిగా మూసుకోలేదు. వైర్ల కొసలు మూడు మెలికలు వేసి వంచిన తీరు కూడా అతనిదే. ఆ రోజు బల్ల మీద నాలుగు పంపు స్టార్టర్లు వరసగా ఉన్నాయి. ఐదోది ఇది. బటన్ల డబ్బాలో ఒక్క రకమే మిగిలింది. చెయ్యి ఆగకుండా ఐదింటికీ వేసేసింది.

ఆ తర్వాత పదకొండో రోజున జోగులు రంపం మీద పనసచెక్క కోస్తుండగా కరెంటు పోయింది.

లోపల, మోటారు మీద భారం పెరిగితే కరెంటు తెంచే రిలే మర చివరికంటా తిప్పి ఉంది. గట్టి చెక్క కోసేటప్పుడు మాటిమాటికీ ఆగిపోకుండా కార్ఖానాలో ఎవరో తిప్పారు. అందుకే మోటారు కాలిపోయేదాకా స్టార్టరు పడిపోలేదు. దేవుళ్లు ఆ మర వంక చూశాడు. అది తన పని కాదు. అయినా పెట్టె పక్కన పెట్టలేదు.

స్టార్టరులో ఇంటి కరెంటుకి ఎత్తుకునే కాయిల్ మార్చి, ఒక బల్బు కట్టాడు. పచ్చ బటన్ నొక్కాడు. బల్బు వెలిగింది. ప్లగ్గు లాగాడు. టక్. ఆరిపోయింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు. ప్లగ్గు పెట్టాడు. టక్. బల్బు వెలిగింది. మళ్లీ లాగాడు. మళ్లీ పెట్టాడు. ఎన్నిసార్లు చేసినా వెలిగింది.

అప్పటికి మధ్యాహ్నం రెండయింది. జోగులు ఇల్లు పెదబొడ్డేపల్లిలో. సైకిలు మీద పావుగంట. దేవుళ్లు సైకిలు తాళం చేతిలోకి తీసుకున్నాడు. వార్నిషు ఆరిందో లేదో గోనె ఎత్తి చూశాడు. తాళం మళ్లీ మేకుకి తగిలించాడు. చీకటి పడే వేళకి కొట్టు మూసి ఇంటికి వెళ్లిపోయాడు.

*

ఆదివారం పొద్దున జోగులు అరుగు మీద మంచం వేసుకుని కూర్చుని ఉన్నాడు. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద ఉంది. పక్కింటివాళ్ల చెయ్యి ఎవరో అక్కడ పెట్టి మర్చిపోయినట్టు దాన్ని తనకి దూరంగా పెట్టుకున్నాడు.

"రా బావా," అన్నాడు. ఎడమచేత్తో పీట జరిపాడు. అది ఒరిగి పడింది. "ఈ సెయ్యికి ఇంకా లెక్క కుదర్నేదు."

దేవుళ్లు పీట ఎత్తి వేసుకున్నాడు. దారి పొడుగునా అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. సంచీలోంచి స్టార్టరు పెట్టె తీసి మంచం మీద పెట్టాడు. జోగులు వెనక్కి జరిగాడు.

"దాన్నెందుకు తెచ్చావు?"

"ఒకపాలి నొక్కు బావా."

"నాకొద్దు."

"బల్బుకే కట్టాను. ఏం కాదు. నొక్కు."

దేవుళ్లు కిటికీలోంచి వైరు లోపలికి వేసి ప్లగ్గు పెట్టాడు. జోగులు ఎడమ చూపుడువేలితో పచ్చ బటన్ నొక్కి, చెయ్యి వెంటనే వెనక్కి తీసుకున్నాడు. బల్బు వెలిగింది.

"ఇప్పుడు కరెంటు పోనాదనుకో." ప్లగ్గు లాగాడు. బల్బు ఆరిపోయింది. "నువ్వు ముక్క తీస్తన్నావు. నీ సెయ్యెక్కడుంది?"

జోగులు ఒళ్లోకి చూసుకున్నాడు. ఎడమచెయ్యి ఒళ్లో ఉంది.

దేవుళ్లు ప్లగ్గు పెట్టాడు. పెట్టె టక్కుమంది. బల్బు వెలిగింది.

పగటి వెలుగులో ఆ బల్బు పాలిపోయి ఉంది. జోగులు దాన్ని చాలాసేపు చూశాడు. "మల్లీ సెయ్యి," అన్నాడు. దేవుళ్లు మళ్లీ చేశాడు. వరహాలక్ష్మి చేటలో బియ్యం ఏరుతున్నదల్లా చేటతోనే లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అయితే నాను నొక్కనేదు," అన్నాడు జోగులు.

"నొక్కనేదు."

"నడుం కూడా ఆనించనేదు."

"నేదు."

వరహాలక్ష్మి గుమ్మంలోనే కూలబడింది. చేటలో బియ్యం కొన్ని గడప మీద పడ్డాయి. ఆవిడ వాటిని ఒక్కొక్కటీ ఏరి చేటలో వేస్తూ కూర్చుంది.

"ఈ బటన్ ఎవురేసారు బావా?"

"నానే. తొమ్మిదో తారీకున. పంపులకేసేది. రంపానికి ఎయ్యకూడదు. నాకు తెలుసు. తెలిసే..." దేవుళ్లు ఆగాడు. "సెయ్యి అలవాటుగా ఏసీసింది."

అన్నాక ఆ మాటని వెనక్కి తీసుకోవాలనిపించింది. కట్టు వైపు చూడకుండా ఉండలేకపోయాడు.

జోగులు తిట్టలేదు. ఎడమచెయ్యి ఎత్తి బొటనవేలు చూపించాడు. గోరు చుట్టూ ఊదారంగు సిరా.

"నిన్న ఏసీసాను బావా."

"ఏటి?"

"ఏలిముద్ర. ప్రకాష్ బాబు కాయితం తెచ్చాడు. నా పొరపాటు వల్లే అయిందని రాసుంది. సంతకం నాకొచ్చు గదా, ఎనిమిదో కళాసు దాకా సదివాను. ఈ సెయ్యితో రానేదు. గీత గీత్తే పురుగు పాకినట్టొచ్చింది. అప్పుడు సిరా పెట్టి ఇది అద్దించాడు."

"నిన్న ఎప్పుడు?"

"పొద్దోయే ఏలకి."

నిన్న మధ్యాహ్నం రెండింటికి సైకిలు తాళం చేతిలో ఉంది. దేవుళ్లు పెట్టె మీద లేని దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"ఎందుకేసావు బావా? నొక్కనేదని నీకు తెలుసు గదా."

"తెలుసు. నువ్వు తిరగదన్నావని సెప్పేదాకా తెలుసు." జోగులు మాట మామూలుగానే ఉంది. "నువ్వు తిరగదంటే తిరగదు. అయితే నానే నొక్కీసుంటాను, సెయ్యి పోయిన అదురుకి మర్సిపోయుంటాను అనుకున్నాను. మూడ్రోజులు పడుకుని అదే ఆలోసించాను. ఆలోసించగా ఆలోసించగా నడుం ఆనించినట్టే గుర్తొచ్చింది. రబ్బరు మెత్తగా తగిలినట్టు కూడా గుర్తొచ్చింది బావా."

దేవుళ్లు లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు.

"రేపు బిగించడానికి ఎల్తాను గదా. ప్రకాష్ బాబుకి సెప్తాను. అందరి ముందూ సెప్తాను."

"వద్దు."

"నువ్వూరుకో."

"సెప్తే ఏటవుద్ది? గేటు కాడ కుర్సీ ఏత్తానన్నాడు. దుంగలొత్తే కొలత సూసి సెప్పాల. కొలతకి కళ్లుంటే సాలు. ఇప్పుడు కాయితం అబద్దమంటే, నువ్వూ నానూ కలిసి పేసీ పెట్టామంటాడు. కుర్సీ పోద్ది. నీ కొట్టూ పోద్ది. ఏలు రాదు." జోగులు దిండు మీద చేతిని కొంచెం దగ్గరికి జరుపుకున్నాడు. "నాకు సెప్పావు. మీ సెల్లీ ఇన్నాది. సాలు."

"నాకు సాల్దు," అంది వరహాలక్ష్మి గుమ్మంలోంచి.

ఇద్దరూ ఆవిడ వైపు చూడలేదు.

దేవుళ్లు వైరు చుట్టి సంచీలో పెట్టుకున్నాడు. చెప్పవద్దన్నందుకు గుండెలో ఏదో బరువు దిగినట్టయింది. అది తెలిసి చెప్పులు వేసుకుంటూ తడబడ్డాడు. ఆ ఇంటికి ఎప్పుడొచ్చినా వరహాలక్ష్మి ముందు మంచినీళ్ల చెంబు ఇస్తుంది. ఆ రోజు ఇవ్వలేదు.

అరుగు దిగాక జోగులు పిలిచాడు.

"బావా, ఇంకే రంపానికైనా ఏసావా ఇది?"

దేవుళ్లు ఆలోచించాడు. "గొలుగొండలో సోములు మంచాల కొట్టుకి. ఆ వారంలోనే."

"ముందది తియ్యి."

*

సోమవారం ఎనిమిదింటికి మోటారు కార్ఖానాలో దాని చోట కూర్చుంది. నాలుగు బోల్టులూ బిగించి, బెల్టు పట్టా ఎక్కించి, వేలితో నొక్కి బిగువు చూసుకున్నాడు. స్టార్టరుకి పాత కాయిల్ తిరిగి వేశాడు. నొక్కితే పైకి వచ్చే బటన్ పెట్టాడు. రిలే మర వెనక్కి తిప్పాడు. రంపం బల్లను ఎవరో నీళ్లతో కడిగారు. బ్లేడు సందు దగ్గర చెక్క మాత్రం ఇంకా నల్లగా ఉంది.

గేటు దగ్గర నీలం ప్లాస్టిక్కు కుర్చీలో జోగులు కూర్చుని ఉన్నాడు. కట్టు మీద కొత్త తువ్వాలు కప్పుకున్నాడు. ఎడమచేతిలో సుద్దముక్క ఉంది. ఎదురుగా ఉన్న దుంగ మీద అంకె వేయడానికి ప్రయత్నిస్తున్నాడు.

దేవుళ్లు పచ్చ బటన్ నొక్కాడు. బ్లేడు లేచింది. మెయిను దించాడు. బ్లేడు ఆగేదాకా నిలబడి, మెయిను ఎత్తాడు. బ్లేడు కదల్లేదు.

"బటన్ మార్చావేంటి?" అన్నాడు సూర్యప్రకాష్ వెనకనుంచి.

దేవుళ్లు గేటు వైపు చూశాడు. జోగులు దుంగనే చూస్తున్నాడు. సుద్ద మాత్రం ఆగింది.

"పాతదైపోనాది బాబూ," అన్నాడు దేవుళ్లు.

సుద్ద మళ్లీ కదిలింది.

చిట్టిరాజు చెక్క మోసుకొస్తూ గట్టిగా అన్నాడు. "జోగులు మావా! కొత్త బటనంట. ఓపాలొచ్చి దీని మీద కూకుంటావేటి, గట్టిదో కాదో సూద్దాం?"

నలుగురూ నవ్వారు. జోగులు కూడా నవ్వాడు.

"నాకిప్పుడు కుర్సీ ఇచ్చారు గదరా," అన్నాడు.

ఆ మాటకి ఇంకా గట్టిగా నవ్వారు. సూర్యప్రకాష్ కూడా నవ్వి, వెళ్తూ వెళ్తూ జోగులు భుజం మీద చెయ్యి వేశాడు. దేవుళ్లు స్టార్టరు మూతకి మరలు బిగిస్తున్నాడు. మూడు బిగిశాయి. నాలుగోది గాడిలో పడలేదు. మూడుసార్లు జారి, పొట్టులో పడిపోయింది. వెతకడానికి వంగినవాడు చాలాసేపు లేవలేదు.

*

గొలుగొండలో బస్సు దిగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. సోములు తన మంచాల కొట్టులో ఒక్కడే ఉండి మంచంకోడు చిత్రిక పడుతున్నాడు.

"ఏటి మేస్త్రీ, పిలవకుండా వచ్చావు?"

"స్టార్టరు బటన్ మార్చాల."

"ఎందుకూ? బెమ్మాండంగా ఉంది. కరెంటొత్తే దానంతటదే ఎత్తుకుంటంది. మొన్న నాను టీకి ఎల్తే, వచ్చీసరికి తిరుగుతా ఉంది."

దేవుళ్లు మెయిను దించి మూత విప్పాడు. లోపల 9-3 కాదు, 12-3. అదే చేతిరాత. వైర్లు విప్పుతుంటే సోములు పక్కకొచ్చి నిలబడ్డాడు.

"బాగున్నదాన్ని పీకుతావేటి మేస్త్రీ?"

జోగులు వద్దన్న మాట గుర్తుంది. ఆ వద్దన్నది చింతపల్లి రోడ్డు కార్ఖానా వరకేనా, ఊరంతటికీనా అని బస్సులో వస్తూ కూడా ఆలోచించాడు. తేలలేదు. ఇప్పుడు నోరు దానంతటది తెరుచుకుంది.

"జోగులు సెయ్యి దీనివల్లే పోనాది సోములూ. ఇలాంటి బటనే. నాను ఏసాను. జోగులు నొక్కనేదు."

సోములు చిత్రికని బల్ల మీద పెట్టాడు. అతని ముఖంలోకి చూశాడు. చూసి చూసి, మెల్లిగా తల అడ్డంగా ఊపాడు.

"కాయితం రాసిచ్చాడంట గదా జోగులు, తన తప్పేనని. నిన్న సంతలో అందరూ అన్నారు. ఆడే ఒప్పేసుకున్నాక నువ్వేటి మధ్యన?"

"ఆడికప్పుడు తెల్దు. నా మాట ఇని ఏలిముద్ర ఏసాడు. బటన్ ఏసింది నాను."

"సర్లే."

"సర్లే కాదు. తారీకు సూడు. ఇది సూడు, నొక్కితే పైకి రాదు."

"సర్లే మేస్త్రీ. నాకు తెల్దేటి? ఆడు నీ బల్ల సేసినోడు. సెయ్యి పోయి, పైన తాగుబోతన్న పేరొచ్చిందని నీకు మనసొప్పడం నేదు. అందుకని నీ మీదేసుకుంటన్నావు." సోములు అతని వీపు తట్టాడు. "మంచోడివి నువ్వు. ఈ రోజుల్లో ఎవురు మీదేసుకుంటారు?"

దేవుళ్లు చేతిలో పంపు బటన్ ఉంది. దాన్ని సోములు ముందు పట్టుకుని నొక్కి చూపించాడు. సోములు చూశాడు. మర్యాదగా తలూపాడు. చెరువులో కొంగని చూపిస్తే చూసినట్టు చూశాడు.

కొత్త బటన్ బిగించి మూత వేశాక దేవుళ్లు మెయిను ఎత్తాడు.

"నొక్కు," అన్నాడు.

సోములు నొక్కాడు. బ్లేడు లేచి కూసింది. దేవుళ్లు మెయిను దించాడు. కూత సన్నబడింది. బ్లేడు నెమ్మదించి, పళ్లు ఒక్కొక్కటీ కనపడుతూ, ఆగింది. దేవుళ్లు మనసులో అరవై నాలుగు దాకా లెక్కపెట్టాడు. మెయిను ఎత్తాడు.

కొట్టులో ఏ చప్పుడూ లేదు.

"సూసావా?" అన్నాడు దేవుళ్లు. "సూసావా సోములూ?"

"ఏటి సూడాల?" అన్నాడు సోములు. "తిరగనేదు గదా."

కింద పడున్న మంచంపట్టె ఎత్తుకుని, పచ్చ బటన్ మీద వేలు పెట్టాడు. "కొంచెం జరుగు మేస్త్రీ. కళ్లల్లో పొట్టు పడతాది."